ఏ టేపుతో కొలుద్దాం, కామ్రేడ్?

ఫలితాలొచ్చిన సాయంత్రం కామ్రేడ్ల ఆఫీసులో ఓటమి అన్న మాటే వినపడదు. 'నైతిక విజయం' అంటారు. డిపాజిట్ గల్లంతా? శక్తులు సమీకృతమయ్యాయి. నోటాకంటే వెనకపడ్డామా? పునాది పడింది. ఎన్నాళ్లు పడుతుందండీ ఈ పునాది?

1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు, సీట్లేమో 15. అప్పుడు ఓట్లే లెక్క. 2004లో కాంగ్రెస్ భుజమెక్కితే రెండు కమ్యూనిస్టు పార్టీలకూ కలిపి మళ్లీ 15. అప్పుడు సీట్లే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2014 సున్నా, 2019 సున్నా, 2024 సున్నా. ఇప్పుడు? పోరాటాలే లెక్కట! టేపు మీ చేతిలోదే, నడుము ఎంతైనా సరిపోతుంది.

సరే, పోరాటాలే కొలుద్దాం. 2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్. కరెంటు చార్జీలు పెంచొద్దన్నవాళ్ల మీద తూటాలు. ఆ కోపంలో నాలుగేళ్ల తర్వాత కుర్చీ ఎవరికి దక్కింది? కాంగ్రెస్‌కి. ఉచిత కరెంటు మీద సంతకం ఎవరిది? వాళ్లదే. దున్నింది మీరు, కళ్లం ఎత్తుకుపోయింది వాళ్లు. పోనీ, పగ అయినా మిగిలిందా? 2009కల్లా ఆ కాల్పుల నాటి ముఖ్యమంత్రితోనే మహాకూటమి!

2007లో ముదిగొండ. భూమి అడిగిన పాపానికి ఏడు ప్రాణాలు పోయాయి. అప్పుడున్నది కాంగ్రెస్ సర్కారు. 2024లో ఆంధ్రాలో పొత్తు ఎవరితో? చెప్పాలా? మధ్యలో తెలంగాణలో మునుగోడు ఉప ఎన్నిక ఒకటి. 2022లో టీఆర్ఎస్‌కు జై కొట్టారు. ఏడాది తిరక్కుండానే వాళ్లు మాటమాత్రమైనా చెప్పకుండా అభ్యర్థుల జాబితా ప్రకటించేశారు. కరివేపాకు కూడా కాస్త సిగ్గుపడి ఉంటుంది.

అయినా నవ్వలేకపోతున్నాను. 2023 డిసెంబరు నుంచి ఆంధ్రాలో అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు సమ్మె చేశారు. ఎస్మా పెట్టినా టెంటు దిగలేదు. జెండాలు మీవే, నినాదాలు మీవే. నాలుగు నెలలకు ఎన్నికలు. ఎస్మా పెట్టినవాళ్లు 11 సీట్లకు జారారు. మరి టెంటుకొచ్చిన చెయ్యి ఈవీఎం దగ్గర మీ గుర్తు మీద ఎందుకు పడలేదు? ఒక్కసారైనా ఆ అక్కల్నే కూర్చోబెట్టి అడిగారా? జీతం ఎంత పెరిగింది, ఎన్ని నెలలు ఆగింది, ఇంకేం మిగిలింది... ఇదీ మీ గెలుపు లెక్క. మహాసభ నివేదికలో మొదటి పేజీలో ఉండాల్సింది ఇదే కదా? అక్కడేముంటుంది? అంతర్జాతీయ పరిస్థితి!

మొన్నో సభలో ఇదే అడగబోయాను. అధ్యక్షుల వారు గడియారం చూసుకున్నారు. ''కామ్రేడ్, అది అజెండాలో లేదు. భోజనాల వేళైంది.''