భీమవరానికి రొయ్యలు

భీమవరానికి రొయ్యలు మోసుకెళ్ళిన అల్లుణ్ణి నేను. అదీ హైదరాబాదు నుంచి. అదీ సూపర్ మార్కెట్లో కొన్న, గడ్డకట్టిన ప్యాకెట్ రొయ్యలు. తాతకు దగ్గులు నేర్పినవాళ్ళ గురించి విన్నాను గానీ, దగ్గు మందు కూడా తాత కొట్లోనే కొని తాతకే పట్టుకెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

దీని వెనక కథంతా అసూయే. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి కొత్త అల్లుడికి జరిగే మర్యాద అందరికీ తెలిసిందే. వంద పైచిలుకు వంటకాలు విస్తరి చుట్టూ పేర్చి, ఫొటోలు తీసి పేపరుకెక్కిస్తారు. పాత అల్లుడి గురించి ఏ పేపరూ రాయదు. పాత అల్లుడంటే గ్యాస్ బండ మార్చేవాడు, పిల్లలు కోడిపందేల బరివైపు పోకుండా కాపలా కాసేవాడు. అంతకు ముందు ఏడు మా తోడల్లుడు కొత్త అల్లుడు. అతని ముందు గిన్నెలు బారులు తీరుతుంటే పక్కన కూర్చుని రెండు గారెలు తిని లేచాను. లేచేటప్పుడు ఒక నిర్ణయంతోనే లేచాను. వచ్చే పండక్కి ఈ ఇల్లు నా గురించి మాట్లాడుకోవాలి.

భోగి ముందు రోజు రాత్రికల్లా మా అత్తవారింట్లో అందరూ దిగుతారు. మేడమీద చాపలు పరుచుకుని అర్ధరాత్రి దాకా కబుర్లు. కంచాలు పైకి మోయడం, దింపడం పెద్ద పని. అందుకని చేత్తో పట్టుకుని ఒక్కసారికే నోట్లో వేసుకునేది, కారులో మోసుకెళ్ళగలిగేది, రొయ్యలతో చేసేది ఒకటి కావాలనుకున్నాను. వీడియోలు చూడగా చూడగా తేలింది: మైదాతో అరచేతిలో ఇమిడే గిన్నెలు వేయించి, లోపల రొయ్యల ఇగురు నింపడం. రొయ్యలే ఎందుకయ్యా అంటే, రొయ్యల ఊళ్ళో రొయ్యలు వండి మెప్పిస్తేనే గదా మెప్పు!

గిన్నెలు మా ఆవిడ చేసింది. ఈ సంగతి ఇక్కడే చెప్పేయడం మంచిది, తర్వాత పనికొస్తుంది. మైదాలో కాస్త బొంబాయి రవ్వ, వాము, ఉప్పు వేసి, కాచిన నెయ్యి పోసి పిండంతా చేత్తో నలిపి, చన్నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా కలిపింది. పల్చగా ఒత్తి, ఫోర్కుతో అక్కడక్కడా పొడిచి, చిన్న స్టీలు గిన్నెల వెనక్కి అతికించి సన్న సెగ మీద నూనెలో వదిలింది. కాసేపటికి అచ్చు దానంతటదే ఊడి అడుగుకు జారింది, పిండి గిన్నె ఒక్కటీ పైకి తేలింది. పొడవకపోతే పొంగి పూరీ అయిపోతుందట. వేగినవాటిని బోర్లించి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో సర్దింది.

"ఏమండీ, ఇవి ఖాళీగా ఇలాగే పట్టుకెళ్దాం. రొయ్యలు మా తమ్ముడి చెరువులోవి ఉంటాయి, అమ్మ అరగంటలో వేపుడు చేసిస్తుంది. నింపడం అక్కడ నింపుకుందాం" అంది.

ఎంత సుఖమైన మాట! నేనేమన్నానో తెలుసా? "అప్పుడిక నేను చేసిందేముంటుంది?"

మా ఆవిడ నావైపు ఒకసారి చూసి, డబ్బాలోంచి కొన్ని ఖాళీ గిన్నెలు తీసి వేరే డబ్బాలో దాచుకుంది. నేనది చాదస్తమనుకున్నాను.

తెల్లవారుజామున లేచి ఇగురు మొదలుపెట్టాను. రొయ్యలకు ముందు ఉప్పూ పసుపూ పట్టించి పొయ్యి మీద పెడితే బోలెడు నీరు వదులుతాయి. ఆ నీరంతా ఇగిరాకే నూనె, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వగైరా. మా అత్తగారు చేసేది అలాగే. కానీ రొయ్య ఎక్కువసేపు ఉడికితే గుండ్రంగా ముడుచుకుని రబ్బరవుతుందని వీడియోలో చెప్పారు. అందుకని నీరు ఇగరకుండానే దించేసి, ఆ పల్చదనాన్ని కప్పిపుచ్చడానికి క్రీమ్ పోశాను. వేడివేడిగా గిన్నెల్లో నింపాను. వేడివేడిగానే మూతపెట్టాను. ఐసు ముక్కలు ఆ రొయ్యల ఖాళీ కవర్లలోనే పోసి ముడేసి, అన్నీ కలిపి థర్మోకోల్ పెట్టెలో పెట్టి టేపు చుట్టాను. వేడి వస్తువునీ ఐసునీ ఒకే పెట్టెలో పెడితే ఏది దేన్ని జయిస్తుందో ఏడో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. మా వాడు ఏడో తరగతే. నేనడగలేదు.

అయిదింటికి బయల్దేరాల్సినవాళ్ళం ఈ హంగామాతో తొమ్మిదికి కదిలాం. పండగ ముందు విజయవాడ హైవే సంగతి చెప్పక్కర్లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లన్నీ అడుగులో అడుగేసుకుంటూ కదిలాయి. కొర్లపహాడ్ దగ్గరా అంతే, చిల్లకల్లు దగ్గరా అంతే. జనవరి ఎండ కదా అని తీసిపారేయకూడదు, మధ్యాహ్నం కారు డిక్కీలో అది వేసవే. వండిన పదార్థం అయిదు డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి, అరవై పైన వేడిగానైనా ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలు మించితే సూక్ష్మజీవులకు పండగే. ఇది నాకు తెలియక కాదు. ఆఫీసు క్యాంటీన్లో ఆ బోర్డు రోజూ చదువుతాను.

గుడివాడ దాటేసరికి చీకటి పడింది. కైకలూరు, ఆకివీడు, ఉండి... రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. గట్ల మీద దీపాలు, నీళ్ళని చిలుకుతున్న ఏరియేటర్ల చప్పుడు. రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది గనక తెల్లారేదాకా అవి తిరుగుతూనే ఉండాలి.

"అవేంటి నాన్నా?" అన్నాడు మావాడు.

"రొయ్యల చెరువులు."

కాసేపు ఊరుకుని, "మరి మన డిక్కీలోవి?" అన్నాడు.

వాళ్ళమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంది. నేను హారన్ కొట్టాను, ముందు ఎవరూ లేకపోయినా.

ఇల్లు చేరేసరికి పది దాటింది. అందరూ మేడమీదే ఉన్నారు. పెట్టెని ఊరేగింపుగా పైకి పట్టుకెళ్ళి చాప మధ్యలో పెట్టి టేపు కోశాను. ముందు నీళ్ళు కనిపించాయి. గిన్నెలు గిన్నెల్లా లేవు. మూతకి పట్టిన ఆవిరి చుక్కలుగా కారి పైనుంచి, క్రీమ్ ఊరి లోపల్నుంచి, మైదా మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయింది. ఒకటి పట్టుకుని లేపితే అడుగు కిందే ఉండిపోయి, అంచు మాత్రం నా వేళ్ళకొచ్చింది. మా అత్తగారు వంగి ఒక్కసారి వాసన చూసి నెమ్మదిగా అన్నారు: "పిల్లలకి పెట్టకండి బాబూ."

మా బావమరిది మెత్తని మనిషి. ఏమీ అనకుండా ఒక రొయ్యని దీపం కిందకి పట్టుకుని చూశాడు. "వనామీయేనండి బావగారూ. అరవై కౌంటు ఉంటదండి." కిలోకి అరవై తూగుతాయని లెక్క. అక్కడ రొయ్యని రుచితో కాదు, కౌంటుతో పలకరిస్తారు. తొంభైల్లో తెల్లమచ్చ వైరస్ టైగరు రొయ్యని దెబ్బకొట్టినప్పుడు వాళ్ళ నాన్నగారు పడ్డ అవస్థలూ, 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ నిలదొక్కుకున్న వైనమూ అతని నోటే ఎన్నోసార్లు విన్నాను. అలాంటివాడి ముందు నేను ఐసు పొర పట్టిన రొయ్యల్ని తూకానికి కొని తెచ్చాను. ఐసు సంచీగా వాడిన కవరు తిప్పి వెనక చిన్నక్షరాలు చదివాడు. ప్యాక్ చేసిన చోటు, పశ్చిమ గోదావరి జిల్లా. అతను నవ్వలేదు. కవరు పక్కవాళ్ళకిచ్చాడు. అది చాపంతా తిరిగింది.

అంతటితో ఊరుకోవాల్సింది. పరువు కొంతైనా దక్కించుకుందామని, "పోన్లే, చెరువులో వేసెయ్యి బావా, మేతన్నా అవుతుంది" అన్నాను.

ఆ మెత్తని మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఏవండీ బాబూ! పీత పాకి వస్తే జబ్బు తెస్తదని గట్టు చుట్టూ వల కట్టుకున్నామండి. పిట్ట వాలకుండా పైన దారాలు కట్టుకున్నామండి. బయటి రొయ్య లోపలేస్తారా?" ఉడికినవే కదా అనబోయి నాలిక కరుచుకున్నాను. గడ్డకట్టిన రొయ్యలో కూడా ఆ వైరస్ బతికే ఉంటుందని తర్వాత అతనే చెప్పాడు. ఉడికిస్తే చస్తుందట గానీ, నా వంట ఎంతవరకు ఉడికిందో అతనికి నమ్మకం లేదు. నాకూ లేదు. ఆ రాత్రి టార్చి పట్టుకుని పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన గొయ్యి తవ్వింది నేనే.

కనుమ నాడు గారెలూ నాటుకోడి కూరా అయ్యాక, సాయంత్రం మా అత్తగారు చెరువు రొయ్యలు వేపుడు చేశారు. నీరంతా ఇగిరి, కరివేపాకు కరకరలాడి, నూనె అంచుకు తేలింది. అప్పుడు మా ఆవిడ దాచిన డబ్బా బయటికొచ్చింది. ఆ ఖాళీ గిన్నెలు అన్నాళ్ళకీ పెళపెళలాడుతూనే ఉన్నాయి. తలో స్పూను వేపుడు వేసి ఇస్తే పిల్లలు వాటిని పట్టుకుని మేడంతా పరుగెత్తారు. మా తోడల్లుడు నాలుగు తిని, అయిదోది ఫొటో తీసి, "అదిరిపోయింది అన్నయ్యా, భలే ఐడియా!" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. మా ఆవిడ కూడా చూసింది. నేను "ఆ... ఏదో" అన్నాను. ఆ రెండు మాటలూ నోరు దాటకుండా ఉండాల్సింది. ఫొటో 'అన్నయ్య స్పెషల్' పేరుతో ఫ్యామిలీ గ్రూపులోకి ఎక్కింది. నలభై మంది చప్పట్లు కొట్టారు. అందులో మా అత్తగారు కూడా ఉన్నారు. ఆవిడకి నిజం తెలుసు, అల్లుడి మర్యాదా తెలుసు.

ఈసారి పండక్కి గిన్నెలు రెండొందలు నేనే చేసి తేవాలని తీర్మానమైపోయింది. నెయ్యి ఎంత, రవ్వ ఎంత అని అడుగుతుంటే, ఐడియా మీదే కదా అంటోంది మా ఆవిడ.