1035 రూపాయల కీర్తి

మొదటే చెప్పేస్తాను, ఆ రోజు కారు నడిపింది నేను కాదు. ఈ సంగతి నాకూ మా ఇంటామెకూ తప్ప మూడో మనిషికి తెలీదు. మీకు చెబుతున్నాను గానీ, ఎప్పుడైనా హాలహర్వి వైపు వస్తే మాత్రం ఎవరి దగ్గరా ఈ మాట ఎత్తకండి. ఇంత వయసొచ్చాక ఊళ్ళో నాకు కాస్త పేరొచ్చింది, దాన్ని కాపాడుకోవాలి.

అంతకు ముందున్న పేరు ఎలాంటిదో వినండి. ఆలూరు నుంచి హాలహర్వికి నేను కారులో వస్తుంటే నన్ను దాటిపోని బండి లేదు. పత్తి నింపుకుని ఒక పక్కకు ఒరిగిపోయిన ట్రాక్టరు దాటిపోతుంది. సుగ్గికి పోయే కూలీలను ఎక్కించుకున్న జీపు దాటిపోతుంది. ఒకసారి సైకిలు మీద ఒక పిల్లోడు పక్కకొచ్చి, "బాగుండావా మామా" అని అడిగి, నా జవాబు మొత్తం విని, ఇంట్లో వాళ్ళను కూడా అడిగి, ఆ తర్వాత తన దారిన తాను ముందుకు పోయాడు. మా నాయనైతే నా కారెక్కడు. "అర్జంటు పనుందిరా, బస్సుకు పోతా" అంటాడు.

అట్లాంటి నా మొబైలుకు ఒక మెసేజి వచ్చింది. నా కారు నంబరు. నేరం, అతివేగం. గంటకు 112 కిలోమీటర్లు. తెలంగాణ పోలీసు శాఖ. కట్టాల్సింది 1,035 రూపాయలు.

ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఈ మధ్య చలానా పేరు చెప్పి వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు పంపుతున్నారు, నొక్కితే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది, పోలీసులే జాగ్రత్తగా ఉండమని చెబుతున్నారు కదా, ఇదీ అదే అనుకున్నాం. మా నాయన కళ్ళద్దాలు పెట్టుకుని మెసేజి చదివి తేల్చేశాడు: "ఇది దొంగదే. నువ్వెవరో తెలియనోడు పంపినాడు. తెలిసినోడైతే 40 అని రాసేటోడు."

మా బామ్మర్ది అంత తొందరగా దేన్నీ వదలడు. మెసేజిలో ఉన్న లింకు జోలికి పోకుండా, సర్కారు వారి సైటు విడిగా తెరిచి బండి నంబరు కొట్టాడు. చలానా నిజమైనదే. ఫోటో కూడా ఉంది. మా కారు వెనక భాగం, వెనకద్దం మీద గూళ్యం గాదిలింగప్ప తాత స్టిక్కరుతో సహా. చోటు, 44వ నంబరు హైవే మీద కొత్తకోట దాటాక. తేదీ, సమయం చూసి నేను మా ఇంటామె వైపు చూశాను. ఆమె వంటింట్లోకి పోయింది.

ఆ రోజు హైదరాబాదులో మా అమ్మాయి ఇంటి నుంచి వస్తున్నాం. షాద్‌నగర్ దాకా నేనే నడిపాను. ఆ తర్వాత నిద్ర ముంచుకొస్తుంటే స్టీరింగు ఆమెకిచ్చాను. ఆమె బళ్లారిలో డ్రైవింగు స్కూలుకు పోయి నేర్చుకున్న మనిషి, నేను మా చిన్నాన్న దగ్గర నేర్చుకున్నవాణ్ణి. జడ్చర్లలో రెండు దారులుంటాయి. ఒకటి 167, మహబూబ్‌నగర్, రాయచూరు, ఎమ్మిగనూరు, ఆదోని మీదుగా మన వైపు వచ్చే రోడ్డు. రెండోది 44, నేరుగా కర్నూలుకు పోయే నాలుగు లైన్ల రోడ్డు. నేను మెలకువగా ఉంటే 167 పట్టించేవాణ్ణి. దాని మీద 112 పోవడం మనిషికి సాధ్యం కాదు, అక్కడ వేగాన్ని కొలవడానికి కెమెరాలు అక్కర్లేదు, గుంతలే చూసుకుంటాయి. నేను నిద్రలో ఉన్నాను గనక ఆమె తనకు నచ్చిన రోడ్డు పట్టుకుంది. నాకు మెలకువ వచ్చేసరికి కర్నూలు. "అప్పుడే వచ్చేసినామా?" అన్నాను. "ట్రాఫిక్ లేదు" అంది.

నేను నోరు తెరిచి అసలు సంగతి చెప్పేలోపే మా బామ్మర్ది గావుకేక పెట్టాడు: "బావా! నూటపన్నెండా!"

ఆ కేకలో ఉన్న గౌరవం నా పెళ్ళయిన నాటి నుంచి ఆ నోట నేను విన్నది కాదు. ఒక్క నిమిషం ఆగి చెబుదాంలే అనుకున్నాను. ఆ నిమిషంలో వాడు టీ అంగడికి పోయాడు. సాయంత్రం నేను అక్కడికి పోతే బెంచీ మీద చోటు చేశారు. ఎప్పుడూ నన్ను పలకరించని ట్రాక్టరు డ్రైవరు లేచి నిలబడ్డాడు. "చూస్తే మెత్తగుంటాడు గానీ హైవే ఎక్కితే మనిషి కాదంట" అని ఎవరో అన్నారు. నేను కాదనలేదు. అవుననీ అనలేదు. టీ గ్లాసు తిప్పుతూ, "ఆ రోజు రోడ్డు ఖాళీగా ఉండె" అన్నాను. అది అబద్ధమని ఏ కోర్టూ తేల్చలేదు.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. నేను గమ్మున కట్టేద్దామన్నాను. మా ఇంటామె కట్టేది లేదంది. "ఆ మిషను తప్పు. నేను వంద దాటితే నాకు తెల్దా?" అని ఆమె వాదన. కారులో ముల్లు చూడలేదా అన్నాను. "ఆ ముల్లు అరవై దాటినాక సరిగ్గా చూపిస్తుందో లేదో నువ్వెప్పుడన్నా చూసినావా?" అంది. నిజమే, ఆ ముల్లు అంత దూరం పోగలదని నాకూ తెలీదు.

ఆమె కూతురికి ఫోన్ చేసి చట్టమంతా చదివించుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 136ఎ సెక్షను చేర్చారట, కెమెరాలతో నిఘా దాని కిందికే వస్తుంది. 2021 ఆగస్టులో 167ఎ అనే నిబంధన వచ్చింది. దాని ప్రకారం కెమెరా పరికరానికి సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటేటా కొత్తది చేయించుకోవాలి. నోటీసు 15 రోజుల్లోపల పంపాలి. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. ఆమె ఒక్కొక్కటే పట్టుకుని లాగింది. పదిహేను రోజుల లెక్క కుదరలేదు, మెసేజి అంతకు ముందే వచ్చింది. సర్కారు ఇంత చురుగ్గా ఉందంటే మా నాయన మళ్ళీ అది దొంగ మెసేజే అన్నాడు. "సర్టిఫికెట్ చూపించమను" అంది. "బోర్డు ఉన్నట్టు నాకైతే కనపళ్ళేదు" అంది.

"నూటపన్నెండులో పోతే బోర్డులు కనపడతాయా?" అన్నాను. ఆ పూట అన్నం నేనే వడ్డించుకున్నాను.

కార్లకు నాలుగు లైన్ల రోడ్డు మీద వంద, మామూలు రోడ్ల మీద 70 అని కేంద్రం 2018 ఏప్రిల్‌లో హద్దులు పెట్టింది. రాష్ట్రాలు వాటిని ఇంకా తగ్గించుకోవచ్చు. ఎట్లా చూసినా 112 తప్పే. పైగా 183వ సెక్షనులో ఒక చిత్రమైన మాట ఉంది. ఫలానావాడు జోరుగా పోతున్నట్టు నాకనిపించింది అని ఒక్క సాక్షి చెబితే శిక్ష వెయ్యకూడదు, ఆ లెక్క యంత్రం కొలిచిందై ఉండాలి. అంటే నేను నెమ్మదిగా నడుపుతానని హాలహర్వి మండలం మొత్తం వచ్చి సాక్ష్యం చెప్పినా, యంత్రం ముందు నిలవదు. నాకు అది ఎంత నచ్చిందో చెప్పలేను.

నన్ను భయపెట్టింది 133వ సెక్షను. ఆ సమయంలో బండి నడిపిందెవరో అడిగితే యజమాని చెప్పి తీరాలి. కోర్టుకు పోయామా, మొదటి ప్రశ్న అదే. నా కీర్తి అక్కడితో సరి.

ఇక మా నాయన. ఆయనకు కోర్టులంటే అనుభవం ఉంది. జొన్నచేను గట్టు కోసం దాయాదులతో ఆదోని కోర్టులో చాలా ఏళ్ళు తిరిగాడు. చివరికి ఆ గట్టు కింద దక్కిన నేల ఖరీదు కన్నా ఆదోనిలో తిన్న ఉగ్గాని బజ్జీల ఖరీదే ఎక్కువని మా అమ్మ అనేది. ఆయన చలానా కాగితం ముందు పెట్టుకుని అడిగాడు:

"వెయ్యి తప్పుకు. ముప్పై అయిదు దేనికి?"

"యూజర్ ఛార్జీ అంట నాయనా."

"అంటే?"

"ఆన్‌లైన్‌లో చలానా వేసినందుకు."

"నాకు జరిమానా వేసి, వేసినందుకు కూలి కూడా నన్నే అడుగుతాడా? వెయ్యి కట్టు. ముప్పై అయిదు మీద కేసెయ్యి."

ఆ మాట మీద ఆయన ఇప్పటికీ ఉన్నాడు. డబ్బు కట్టడం మీద కూడా ఆయనకు నమ్మకం తక్కువ. 2023లో మన ఆంధ్రప్రదేశ్‌లో జనం కట్టిన ఈ-చలానాల సొమ్ము ముప్పై కోట్లకు పైగా సర్కారు ఖాతాకు పోకుండా దారి మళ్ళిందని పోలీసులే కేసు పెట్టారు. ఆ వార్త చదివినప్పటి నుంచి ఆయన కరెంటు బిల్లు కూడా కౌంటరులోనే కడతాడు.

మా బామ్మర్దిది మూడో దారి. కట్టొద్దు, కొట్లాడొద్దు, ఆగు అంటాడు. 2022 మార్చిలో తెలంగాణలో పాత చలానాలకు బైకుల మీద 75 శాతం, కార్ల మీద సగం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో మళ్ళీ బైకులకు 80, కార్లకు 60 శాతం తగ్గించి, గడువు ఫిబ్రవరి దాకా సాగదీశారు. పక్కనే కర్ణాటకలో 2023లో సగానికి సగం, 2025 ఆగస్టులో ఇంకోసారి సగం. "మొదటి రోజే కట్టినోడు పిచ్చోడు బావా, దసరాకు బట్టలు కొన్నట్టు చూసి కొనాల" అని వాడి సిద్ధాంతం. వాడి బైకు మీద ఎన్ని చలానాలున్నాయో వాడి పెళ్ళాంతో సహా ఎవరికీ తెలీదు. వాడి సలహా వింటే సంవత్సరాల పాటు నేను 112 మనిషిగానే ఉండిపోవచ్చు గదా అని నాకూ ఆశ పుట్టింది. కానీ ఆగడం మా ఇంటామె జాతకంలో లేదు.

ఆమెను మెత్తబరచడానికి ఒక ఇంగ్లండు కథ ఎత్తుకున్నాను. అక్కడ క్రిస్ హ్యూన్ అనే రాజకీయ నాయకుడు 2003లో ఇట్లాగే కెమెరాకు చిక్కాడు. లైసెన్సు పోతుందని ఆ నేరం పెళ్ళాం విక్కీ ప్రైస్ పేరు మీద రాయించాడు. తర్వాత ఆయన మంత్రి అయ్యాడు, ఇంకో ఆవిడతో వెళ్ళిపోయాడు. కడుపు మండి పెద్ద పెళ్ళాం పత్రికలకు సంగతి చెప్పేసింది. ఆయన పదవి పోయింది. 2013లో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు. "చూడు, ఇట్లాంటివి తవ్వితే మొగుడూ పెళ్ళాలకు మంచిది కాదు, గమ్మున కట్టేద్దాం" అని నా భావం.

ఆమె బియ్యం ఏరుతూ విని, చేట పక్కన పెట్టింది. "ఆయప్ప తన తప్పు పెండ్లాం మీదికి తోసినాడు. నువ్వేమో పెండ్లాం తప్పు నీ మీదేసుకుని ఊరంతా మీసం తిప్పుతాండావు. ఇద్దరిలో ఎవరు పెద్ద దొంగో నువ్వే చెప్పు."

టీ అంగడి సంగతి ఆమె చెవిన పడిందన్నమాట. నాకు మీసం లేదు, అయినా ఆ క్షణంలో చెయ్యి మూతి దగ్గరికి పోయింది.

ఆమె మనసు మార్చింది నేను కాదు, గాట్సోనిడెస్ అనే డచ్చాయన. రోడ్డు మీద వేగం కొలిచే కెమెరాలకు ఆద్యుడు ఆయనే. పోలీసాయన కాదు, కార్ల పందేల మనిషి, 1953లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తానెంత జోరుగా పోతున్నదీ తెలుసుకుని ఇంకా జోరు పెంచుకుందామని ఆ యంత్రం తయారు చేసుకున్నాడు. పోలీసుల చేతికి అది తర్వాత పోయింది. ఈ సంగతి కూతురు ఫోన్లో చెబుతుంటే మా ఇంటామె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి అడిగింది:

"కేసు గెలిస్తే ఏమవుతుంది?"

"చలానా కొట్టేస్తారు."

"అంటే ఆ నూటపన్నెండు?"

"అది కూడా పోతుంది. యంత్రం తప్పు చూపించింది, నువ్వు అంత జోరుగా పోలేదు అని తేలుస్తారు."

ఆమె మళ్ళీ చేట అందుకుంది. "అట్లయితే కట్టేద్దాం."

కట్టింది కూడా తనే, తన ఫోన్ నుంచి, తన ఖాతా నుంచి. నన్ను దగ్గరికి కూడా రానియ్యలేదు. ఆ సైటు బండి నంబరు తప్ప నడిపిందెవరని అడగలేదు. రసీదు మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకుని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. కింద ఒక్క మాట రాయలేదు. రాసుంటే నయం. ఊళ్ళో వాళ్ళు దాన్ని తమకు తోచినట్టు చదువుకున్నారు. మరునాడు టీ అంగడిలో, "అంత జోరుగా నడిపినోడివి, వెయ్యి రూపాయలు ఇంటామెతో కట్టిస్తివా మామా?" అని పరాచికాలాడారు. అది కూడా మింగాను. వేగానికి పేరున్నవాళ్ళు చిన్న మాటలు పట్టించుకోరాదు.

కీర్తికి అసలు ఖరీదు తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం పక్కింటాయన సంచీ చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గుంతకల్లులో రైలు అందుకోవాలి, బస్సు తప్పిపోయింది, టైము లేదు. వాకిట్లో బైకులున్నాయి, వీధిలో ఆటో ఉంది, అయినా వాటిని దాటుకుని నా దగ్గరికే వచ్చాడు. "నువ్వు తలుచుకుంటే పట్టిస్తావప్పా" అన్నాడు. మా ఇంటామె పెళ్ళికి పోయి ఊళ్ళో లేదు. నేను తాళాలు తీసుకున్నాను.

దారి పొడవునా ఆయన రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చున్నాడు, ఎప్పుడు ఎగిరిపోతామో అని. నేనూ పైకి కనపడనీకుండా నా వంతు ప్రయత్నం చేశాను, నలభై నుంచి నలభై అయిదుకు పోయాను. ఎడ్లబండి ఒకటి మమ్మల్ని దాటలేకపోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. స్టేషను చేరేసరికి రైలు పోయి చాలాసేపయింది. ఆయన సంచీ దించుకుని నా వైపు జాలిగా చూశాడు, ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా కారెక్కకుండా బస్సుకు వచ్చాడు, నా కన్నా ముందే ఊరు చేరాడు.

ఇక అయిపోయింది అనుకుని రెండు రోజులు బయటికి పోలేదు. మా బామ్మర్ది వచ్చి చెప్పాడు, టీ అంగడిలో అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారని. "పాపం, ఎట్లాంటి డ్రైవరు! ఆ చలానా పడినాక బాగా భయపడిపోయినాడు, బండి చెయ్యి చచ్చిపోయింది" అని పక్కింటాయనే చెబుతున్నాడట.