నేను విడివడితేనే నిప్పు

నేను పాత బుల్లెట్ 350 బండిలోని కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లని. మెకానిక్కులు ప్లాటినం అంటారు. ఇంజన్ కుడి పక్కన గుండ్రటి మూత తీస్తే కనిపిస్తాను. ఎదురెదురుగా రెండు చిన్న లోహపు బిళ్లలు. ఒకటి కదలదు, రెండోది స్ప్రింగు పట్టు మీద కదులుతుంది. మా బండి పుట్టిల్లు మద్రాసు పక్కనున్న తిరువొత్తియూరు. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. అక్కడ తయారైన బళ్లు సైన్యానికీ పోలీసులకూ వెళ్లాయి, మన ఊళ్లకూ వచ్చాయి.

నేను మూసుకుని ఉన్నంతసేపూ బ్యాటరీ కరెంటు నా మీదుగా కాయిల్‌లో పారుతుంది. కామ్ వచ్చి నన్ను విడదీయగానే అది తెగుతుంది. ఆ క్షణంలో కాయిల్‌లో పుట్టిన వేల వోల్టులు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వగా దూకుతాయి. కండెన్సర్ తోడు లేకపోతే ఆ నిప్పు నా బిళ్లల మధ్యే రేగి నన్ను కాల్చేస్తుంది. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే నేను ఒకసారి విడివడతాను. నిమిషానికి 3000 చుట్ల వేగంలో అది సెకనుకు 25 సార్లు.

ఎప్పుడు విడివడాలన్నదే నా బతుకంతా. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఒక్కసారిగా మండదు. గడ్డివాముకు ఒక మూల అంటించినట్టు, మంట అంతటా పాకడానికి కాస్త వ్యవధి కావాలి. అందుకే పిస్టన్ పైకి చేరకముందే నిప్పు పడాలి. 90 మిల్లీమీటర్లు నడిచే మా పిస్టన్‌కు పై చివర ఇంకా 0.8 మిల్లీమీటరు ఉందనగా నేను విడివడాలి. ఇది ఆటో అడ్వాన్స్ బరువులు పూర్తిగా ముడుచుకుని ఉన్నప్పటి లెక్క. వేగం పెరిగేకొద్దీ ఆ బరువులు విచ్చుకుని నన్ను ఇంకా ముందే విడదీస్తాయి.

నేను మరీ తొందరపడితే కిక్కు ఎదురు తన్ని కాలు విరగ్గొట్టగలదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటక కొట్టుకుని పిస్టన్ దెబ్బతింటుంది. ఆలస్యమైతే బండి లాగదు, సైలెన్సర్ పైపు వేడెక్కి నీలం తిరుగుతుంది, పెట్రోలు వృథా.

నన్ను బాగా ఎరిగినవాడు ఒక పెద్ద మేస్త్రి. బండి లాగడం లేదని షెడ్డుకు తెచ్చినప్పుడు, పని నేర్చుకునే కుర్రాడు నా ప్లేటు మరలు విప్పబోయాడు.

"ఆగరా! ముందు గ్యాపు చూడు. గ్యాపు మారితే టైమింగ్ దానంతటదే మారుతుంది," అన్నాడు మేస్త్రి.

ఆయన మాటే నిజం. కామ్‌ను రాసుకునే నా ఫైబర్ మడమ అరిగిపోయింది. మడమ అరిగితే గ్యాపు తగ్గుతుంది, నేను ఆలస్యంగా విడివడతాను. మేస్త్రి నా బిళ్లలు శుభ్రం చేసి, కామ్ ఎత్తు మీద ఉండగా ఫీలర్ గేజ్‌తో గ్యాపు 0.35, 0.40 మిల్లీమీటర్ల మధ్యకు తెచ్చాడు. ఆ తర్వాతే టైమింగ్ జోలికి వెళ్లాడు.

ప్లగ్గు తీసి, టాప్ గేరు వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. రెండు వాల్వులూ మూసుకున్న కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పై చివరను కొలత కడ్డీతో పట్టాడు. కాస్త వెనక్కి తీసుకెళ్లి, పళ్లచక్రాల లూజు పోయేలా మళ్లీ ముందుకు తెచ్చాడు. నా బిళ్లల మధ్య సిగరెట్ కాగితం పెట్టి వేళ్లతో సుతారంగా లాగుతూ ఉన్నాడు. నేను మూసుకుని ఉన్నంతసేపూ కాగితం కదల్లేదు. 0.8 దగ్గర అది జారి వచ్చేదాకా ప్లేటును వెంట్రుకవాసి చొప్పున జరిపాడు. మరలు బిగించాక మళ్లీ కాగితం పెట్టి చూశాడు, బిగింపులోనూ ప్లేటు జరుగుతుందని.

"చెవితో పట్టేయొచ్చు కదా బాబాయ్?" అన్నాడు బండాయన.

"చెవికి వయసు మీద పడుతుందయ్యా, కొలతకు పడదు," అన్నాడు మేస్త్రి.

ఇప్పుడు నా స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. దానికి అరిగే మడమ లేదు, అది మంచిదే. మీ ఇంట్లో మాత్రం ఇంకా నాతోనే నడిచే బండి ఉంటే సర్వీసుకోసారి మూత తీయించండి. కామ్ మీద కొంచెం గ్రీజు రాయించండి, బిళ్లలకు మాత్రం అంటనివ్వకండి. గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత. ఈ వరస తప్పించకండి.