దుబాయ్‌కి డౌన్ బండి

మా నాన్న రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. చిల్కలగూడలో మా ఇంటికి పాలపిల్లగాడు వచ్చినా సరే, గడియారం చూసి "ఏడు నిమిషాలు లేటు" అంటారు. అలాంటి మనిషికి దుబాయ్ నుంచి మా చెల్లి విమానం టికెట్లు పంపింది.

కళ్లజోడు పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని, వర్కింగ్ టైమ్‌టేబుల్ చదివినట్టు చదివారు.

"ఏందిరా ఇది? పోయేటప్పుడు పదింటికి ఎక్కితే పన్నెండున్నరకు దించుతడు. వచ్చేటప్పుడు రాత్రి పదింటికి ఎక్కితే తెల్లారుజామున 2:55. పోను రెండున్నర గంటలు, రాను అయిదు గంటలా? ఒక్కటే లైను గదా!"

దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుందని చెప్పాను. అది కలుపుకుంటే పోను నాలుగు గంటలు. తీసేస్తే రాను 3:25. లెక్క కుదిరేసరికి కొత్త చిక్కు వచ్చింది.

"అంటే వచ్చేటప్పుడే జల్దీ వస్తది. ఎట్ల? పల్లమా?"

పల్లం కాదు నాన్నా, గాలి అన్నాను. ముప్ఫై, నలభై వేల అడుగుల ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు హోరుమని వీస్తుంది, చలికాలమైతే మరీను. పోయే విమానానికి అది ఎదురు, వచ్చేదానికి తోడు. దూరం ఎటు చూసినా అదే, సుమారు 2,550 కిలోమీటర్లు. చేతులు రెండూ విమానాలు చేసి చాలాసేపు ఊపాను.

"బ్యాంకర్ అని చెప్పరాదూ!" అన్నారు. ఘాట్ ఎక్కలేని బండికి వెనక నుంచి తొయ్యడానికి తగిలించే ఇంజన్‌ని బ్యాంకర్ అంటారు. నా వాయుశాస్త్రం అంతా ఆ ఒక్క మాటలో పట్టింది.

ఇంకో విషయం కూడా చెప్పి పొరపాటు చేశాను. విమానం స్టాండు వదిలిన దగ్గర్నుంచి అవతల స్టాండులో ఆగేదాకా లెక్కేస్తారు, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు అని. నాన్న అదిరిపడ్డారు. "బ్లాకా? బ్లాక్ తీసుకుంటే లైను మూసేస్తరు గదరా! ఇంక బండెట్ల పోతది?"

ప్రయాణం రోజు పొద్దున 4:40కి ఇల్లు వదిలాం. బేగంపేట నుంచి ఎగిరే రోజుల్లో ఆటో ఎక్కి, చిల్లర వెతుక్కునేలోపు దిగేవాళ్లం. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కి తరలిపోయాయి. ఇప్పుడు ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. ఆర్టీసీ వాళ్లు అక్కడికి పోయే బస్సుకి పుష్పక్ అని పేరు పెట్టారు, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేది పుష్పకమే కదా. విమానంలో మాత్రం నాన్న మోకాళ్లకే చోటు లేదు.

పదింటి విమానానికి ఏడింటికే లైన్లో ఉన్నాం. జేబుడైరీలో నాన్న రాసుకున్నారు: "చిల్కలగూడ డిపార్చర్ 4:40. గాలిలో లేచింది 10:17. డిటెన్షన్ 5 గం. 37 ని." ఢిల్లీ బండి ఆ టైముకి బల్లార్షా దగ్గర పడేదట.

తిరుగు ప్రయాణంలో బ్యాంకర్ గట్టిగా తోసింది. ఇరవై నిమిషాలు ముందే దిగాం. జనం చప్పట్లు కొట్టకపోవడం నాన్నకి నచ్చలేదు, రైల్లో బిఫోర్ టైమ్ అంటే మామూలు సంగతి కాదు. తీరా బెల్టు దగ్గర పెట్టెల కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. ఖాళీ బెల్టు తిరుగుతూనే ఉంది. నాన్న డైరీ తీశారు.

"ఏం రాస్తున్నరు నాన్నా?"

"ఏముంది, ఔటర్‌ల ఆపిండ్రు."