హిమయాత్రా పంచాంగకర్త

లోకమున ప్రయాణములు చేయువారు కొందరు, చేయువారిని సాగనంపువారు కొందరు. ఈ రెండు తెగలకును చెందక, ప్రయాణమును ముందుగా కాగితముపైననే ఆమూలాగ్రముగా అనుభవించి, పిమ్మట ఆ కాగితము తప్పు గాదని ఋజువు చేయుటకు మాత్రమే ఇల్లు కదలువారు మరికొందరు కలరు. ఈ మూడవ తెగవారు పూర్వము మనదేశమున రైల్వే గైడు చేతబట్టి, తెల్లవారుజామున వచ్చు బండికి ముందునాటి సాయంకాలమే స్టేషను చేరి, పరుపుచుట్టపై కూర్చుండి, కునుకు తీయబోయిన ఇంటిల్లిపాదిని గదమాయించుచుండెడివారు. ఇప్పుడు గైడు పోయినది, పరుపుచుట్ట పోయినది. ఆ తెగ యంతరించినదేమోయని నేను కొంతకాలము విచారించితిని గాని, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అను ఊర మేనల్లుని యింట ఒక శీతకాలము గడిపిన మీదట, అది యంతరింపలేదనియు, వీసా సంపాదించుకొని తరలిపోయినదనియు తెలిసికొంటిని.

మేనల్లునికి వాని తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరు. నేను పెట్టిన పేరు ప్రణాళికారావు. మంచి ఉద్యోగి, ఉత్తముడు, పెద్దలయెడ గౌరవము కలవాడు. అయిన నేమి? ఏమి యడిగినను "ఒక్క నిమిషం మామయ్యా, షీటులో ఉంది" అనును. నేను వెళ్ళునప్పటికి ఆ షీటు 17వ ప్రతికి వచ్చియుండెను. తాళపత్ర గ్రంథమును పరిష్కరించు పండితుడు పాఠాంతరములను పారవేయనట్లే, ఇతడును వెనుకటి పదునారు ప్రతులను పదిలపరచుకొనినాడు. శుక్రవారము రాత్రి ఇల్లు విడిచి, తాహో సరస్సు చేరువ పాలిసేడ్స్ అను మంచుకొండకు పోవుట; శనివారము పగలెల్ల అచట స్కీయింగు చేసి, సాయంకాలము 6 గంటలకు కారెక్కి, రాత్రికి రాత్రి నెవాడా ఎడారిని ఈ కొసనుండి ఆ కొసకు దాటి, సుమారు 600 మైళ్ళ మీద యూటా రాష్ట్రమున నున్న ఆల్టా అను మంచుకొండకు, ఆదివారము ఉదయము లిఫ్టులు కదలక మునుపే చేరుట: ఇదియే ఆ గ్రంథమున ప్రతిపాదితమైన విషయము.

"ఇక్కడా మంచే, అక్కడా మంచే కదరా! మంచు వదిలి మంచుకు పోవడమేమిటి?" అని నేనడుగగా, అతడు నా యజ్ఞానమునకు జాలిపడి, ఓపికతో బోధించినాడు. పసిఫిక్ సముద్రము మీదినుండి వచ్చు మబ్బులు ముందుగా సియెర్రా పర్వతములను తాకును. సముద్రము చేరువ గనుక అచట పడు మంచు తడితో బరువెక్కి యుండును. స్కీయింగువారు దానిని సియెర్రా సిమెంటని పిలుతురు. ఆ మబ్బులే ఎడారి మీదుగా సాగి, చల్లబడి, తేమ చాలవరకు కోల్పోయి, యూటాలోని వాసాచ్ కొండలపై తేలికైన పొడిగా రాలును. ఆల్టాలో అట్టి మంచు ఏటా సగటున 500 అంగుళములకు పైగా కురియును. లోకమున ఇంతకు మించిన మంచు లేదని యూటావారు తమ కారు నంబరు పలకలపైననే అచ్చువేయించుకొన్నారు. నా బుద్ధికి ఇదంతయు అరిసెల పిండికిని ముగ్గుపిండికిని గల భేదముగా స్ఫురించినది. పైగా ఒకే తుపాను ఇచట కురిసి, మరునాటికి అచటికి చేరునట. మనము దాని వెంటనే పోవలెనట. మన కోస్తాలో తుపాను వచ్చుచున్నదన్నచో జనులు దానికి దూరముగా పరుగెత్తుదురు. పులిహోర కట్టుకొని దాని వెంటబడు వారిని నేనదియే మొదటిసారి చూచుట.

ఇది పైకి చెప్పు కారణము. లోపలి కారణము ఐకాన్ పాస్ అను ఏడాది టిక్కెట్టు. అది ఈ రెండు కొండలకును చెల్లును. సొమ్ము చెల్లించిన క్షణము మొదలు మావాడు, వెళ్ళిన దినములతో దానిని భాగించి, రోజుకెంత పడినదో చూచుకొని నిట్టూర్చుచుండెను. హోటలులో ఫుల్ మీల్స్ టిక్కెట్టు కొన్నవాడు మూడవమారు సాంబారు పోయించుకొనుట ఆకలిచేత గాదు గదా!

షీటును నేను దగ్గరగా పరిశీలించితిని. పన్నెండు నిలువు గడులు, తొంబదికి పైగా అడ్డువరుసలు, నాలుగు రంగులు. "రీనో చేరుట 7:04, విడుచుట 7:31" అని యొక వరుస, "లఘుశంక: 6 నిమిషములు (పిల్లలు లేరు)" అని యొక వరుస, "స్కీ బూట్లు డిక్కీలో వద్దు, కాళ్ళ దగ్గర, చలికి బిగుసుకొనును" అని యొక వరుస. కాలిఫోర్నియావారు మంచుదారులలో చక్రములకు గొలుసులు కట్టించు నియమములను ఆర్ 1, ఆర్ 2, ఆర్ 3 అని మూడంతస్తులుగా విధించిరి. మొదటి రెండింటియందు మంచు టైర్లు గల ఫోర్ వీల్ కార్లకు మినహాయింపు కలదు, మూడవదానియందు ఎవ్వరికిని లేదు. మావాడు వీనిని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులలో గుర్తించుట చూచి నేను, "ఓరీ, ఇది వర్జ్యము, ఇది దుర్ముహూర్తము, ఇది రాహుకాలము గదరా!" అంటిని. ఆ మాటకతడు చిన్నబుచ్చుకొనినాడు. కారణమేమనగా, తన పెండ్లికి తెల్లవారుజామున 2:47కు ముహూర్తము పెట్టిన సిద్ధాంతిగారిని, నిమిషముల లెక్కలో శాస్త్రీయత యేమున్నదని నిండు పందిటిలో నిలదీసినవాడితడే.

వరుసలలో మనుష్యులును ఉండిరి. స్టీరింగు వద్ద మావాడొక రెండు గంటలు, వాని ఆఫీసులో పనిచేయు తెలుగు కుర్రవాడొక రెండు గంటలు. మావాని భార్యకు కాఫీ ఫ్లాస్కు. నా పేరు మాత్రము రెండుచోట్ల కనబడినది. మొదటిది: "1:00 నుండి 2:00: వెల్స్ మొదలు వెండోవర్ దాకా: మామయ్య, పద్యములు (డ్రైవరు నిద్రపోకుండుటకు)". రెండవది ఎరుపు రంగున, "జాప్యమునకు అవకాశములు" అను శీర్షిక క్రింద, మంచుతుపానునకును టైరు పంక్చరునకును నడుమ: "మామయ్య: కాఫీ, తత్ఫలితములు".

శుక్రవారము రాత్రి డోనర్ కనుమ ఎక్కుచుండగనే గ్రంథమునకు తొలి దెబ్బ తగిలినది. ఆర్ 2 అమలులో నుండెను. మా కారునకు మినహాయింపు కలదు గనుక షీటులో ఆ ఘట్టమునకు సున్న నిమిషములు కేటాయింపబడెను. కాని మాకు ముందున్న కార్లవారు మంచులో మోకరిల్లి గొలుసులు కట్టుకొనుచుండగా, మినహాయింపు గలవారమును లేనివారమును ఒకే వరుసలో గంటన్నర నిలిచిపోయితిమి. పొద్దుపోవుటకై ఆ కనుమ కాపేరెట్లు వచ్చినదని యడిగితిని. 1846లో తూర్పునుండి ఎడ్లబండ్లపై కాలిఫోర్నియాకు వలస వచ్చుచుండిన డోనర్ ప్రభృతులు 87 మంది, అడ్డదారిన పోదమని యూటా కొండలలోను ఉప్పుటెడారిలోను చిక్కి, కాలహరణమై, ఈ కొండ పాదము చేరునప్పటికి మంచు దారులన్నియు మూసివేసెననియు, ఆ చలికాలము గడచి బ్రతికి బయటపడినవారు సగమునకు కొంచెము మించియుందురనియు మావాడు చెప్పి, "వాళ్ళకి ప్లానింగు లేదు మామయ్యా, షీటు లేదు. అదీ సంగతి" అని ముగించినాడు.

"ఉందిరా అబ్బాయీ" అనినది మావాని భార్య కాదు, నేను కాదు. వెనుక కూర్చుండి ఫోనులో ఆ చరిత్రనే చదువుచున్న ఆఫీసు కుర్రవాడు. "అని అన్నగారితో మీరైతే అనొచ్చు మామయ్యగారూ" అని నా చెవిలో చెప్పి, ఫోను నా చేతికిచ్చినాడు. లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అనునతడు 1845లో వలసదారులకై యొక మార్గదర్శిని ప్రకటించెననియు, అడ్డదారిని సూచించినది అందులోననే యనియు, వ్రాయునాటికి ఆ దారిని అతడు నడచి చూడలేదనియు అందుండెను. అనగా ఆ 87 మందిని చెరచినది షీటు లేకపోవుట కాదు, ఉండుటయే. నేనీ మాట అనగా మావాడు కొంతసేపు మౌనము వహించి, "ఆయన రంగులు వాడలేదు" అనెను. మేము మరునాటి రాత్రి పోవలసిన దారియు, ఆ అభాగ్యులు నడచిన దారిలో చాలభాగమే; వారు పడమరకు, మేము తూర్పునకు.

శనివారపు స్కీయింగు గూర్చి నేను చెప్పజాలను. కొండ క్రింది కాఫీశాలలో కిటికీ చెంత కూర్చుంటిని. సాయంకాలము సరిగా 6 గంటలకు కారు కదలినది. "1960లో శీతకాలపు ఒలింపిక్సు జరిగింది ఈ లోయలో, 2002లో జరిగింది సాల్ట్ లేక్ సిటీలో. ఒక్క రాత్రిలో రెండు ఒలింపిక్సు మామయ్యా!" అని మావాడుప్పొంగెను. రీనో దీపములు వెనుకబడిన తరువాత ఎడారి. హంబోల్ట్ నది ప్రక్కనే యున్నదని షీటు చెప్పవలసినదే గాని, చీకటిలో కనుపించునది లేదు. విన్నమక్క అను ఊర పులిహోర తింటిమి. పేరు వినినంతనే అది నూకాలమ్మకును పోలేరమ్మకును తోబుట్టువని తోచి, చేతులు జోడింపబోతిని. ఎల్కో దాటితిమి, వెల్స్ దాటితిమి. ఒంటిగంట యైనది.

"మామయ్యా, మీ గడి" అనెను మావాడు.

నేను గొంతు సవరించుకొని గజేంద్రమోక్షము నందుకొంటిని. చిన్ననాట మా తాతగారు నేర్పిన రాగము. అర్ధరాత్రి, వెచ్చని కారు, ఒకే శ్రుతిలో రొదచేయు చక్రములు. ఏనుగు మడుగులోనికి దిగునప్పటికే మావాని భార్య నిద్రించినది, మొసలి పట్టుకొనునప్పటికి మావాని తల వాలినది, గజరాజు మొరపెట్టుకొనునప్పటికి స్టీరింగు వద్దనున్న కుర్రవాడు పెద్దగా ఆవులించి, "మామయ్యగారూ, దణ్ణం పెడతాను, ఆపండి. కళ్ళు మూతలు పడుతున్నాయి" అని ప్రాధేయపడినాడు. శ్రీహరి వైకుంఠమునుండి బయలుదేరకమునుపే కథ ముగిసినది. మేల్కొనిన మావాడు ఆ గడిలో "రాగం వద్దు" అని చేర్చి, మరల కన్నుమూసెను.

వెండోవర్ దగ్గర మరియొక చిత్రము జరిగినది. అచట గడియారము ఒక గంట ముందునకు జరుగును. మావాడట్టి సంగతి మరచువాడు కాడు. ఆ గంటను తాను స్వయముగా లెక్కించి, షీటుచేతను లెక్కింపజేసెను. ఒకే గంట రెండుమారులు పోయినదని యెంచినందువలన, మేము అనుకొన్నదానికన్న ఒక గంట ముందుగా పోవుచుంటిమని తేలినది. ఉప్పుమైదానమునెదుట షీటులో "40 మైళ్ళు, వంకరలు లేవు, చూడదగినది లేదు" అని యుండెను. లోకమెల్ల తరలివచ్చి చూచు ఆ తెల్లని మైదానము రెండు ప్రక్కల పరచుకొనియుండగా, నేను చీకటిలో అద్దమునకు ముక్కానించి, దానిని చూడకయే దాటితిని.

ఆల్టాకు పోవు లోయ మొదట దారి మూసియుండెను. రాత్రి కురిసిన ముగ్గుపిండి కొండవాలుల మీద నిలువలేక దారిపై విరుచుకొనిపడకుండ, దానిని ముందుగానే ప్రేల్చి దింపుదురు. చాలకాలము సైన్యపు ఫిరంగులతోనే ఈ పని చేసిరి. ఆ ప్రేలుడు ముగియువరకు ఎవ్వరిని పైకి పోనీయరు. ఏ మంచుకై 600 మైళ్ళు వచ్చితిమో ఆ మంచే మమ్ము ఆపినది. మా ముందు వందలకొలది కార్లు దీపములతో బారులు తీరియుండెను. ఒక్కొక్క కారులో ఒక్కొక్క ముఖము ఫోను వెలుగులో నీలముగా మెరయుచు, పెదవులతో ఏదో లెక్కించుచుండెను. అందరును మావాని గోత్రజులే. గంట ముందుగా చేరిన పుణ్యమునకు మూడు గంటలకు పైగా వేచియుంటిమి. నా కాఫీయు, తత్ఫలితములును ఆ మూడు గంటలలోననే సంభవించినవి.

తుదకు కొండపైకి చేరితిమి. టిక్కెట్టు గేటు చెంతనుండి మా ఆఫీసు కుర్రవాడు తన పలకతో తిరిగి వచ్చి, మెల్లగా, "అన్నా, ఇక్కడ స్నోబోర్డు ఒప్పుకోరంట" అనెను. ఆల్టాలో నేటికిని స్కీలకే గాని స్నోబోర్డులకు ప్రవేశము లేదు. ఈ సంగతి మావానికి తెలియక కాదు. మొదట రావలసిన స్నేహితుడు స్కీలవాడు. అతడు మానుకొనగా 16వ ప్రతిలో ఈ కుర్రవాని పేరు చేర్చి, "స్కీలు" అనుచోట "బోర్డు" అని దిద్ది, బరువును, కారు కప్పుపై దాని స్థానమును కూడ సవరించి, అది గేటు దాటునా యను గడి లేనందున దాని నాలోచింపలేదు. కుర్రవాడు నవ్వుకొనుచు, పలకను చంకనిడుకొని, దిగువ మైలు దూరముననున్న స్నోబర్డు అను వేరొక మంచుకొండకు బస్సెక్కి పోయినాడు. ఆనాడు మాయందరిలో పొద్దుగూకువరకు మంచులో సుఖించినవాడతడే యని తరువాత విన్నాను.

ఇంటికి వచ్చిన పిమ్మట మావాడు క్రుంగియుండునేమోయని అనునయింపబోయితిని. అతడు 18వ ప్రతిలో మునిగియుండెను. చూడగా, "అనుకొన్నది" అను గడిలో డోనర్ కనుమకు గంటన్నరయు, లోయ మొదట మూడు గంటల పది నిమిషములును ముందే వ్రాసియున్నట్లు దిద్దుకొనియుండెను. "జరిగినది" అను గడియు అట్లే యుండెను. రెండింటికి భేదము సున్న యని ఆకుపచ్చరంగున మెరయుచుండెను. పెండ్లి చెడిన తరువాత జాతకమున కుజదోషమును కనిపెట్టు సిద్ధాంతిగారు నా మనసున మెదలిరి గాని, పైకేమియు అనలేదు.

ఆ వారమే ఊరిలోని మూడు తెలుగు కుటుంబములవారు, "మీ ప్రయాణం భలే సాగిందట, షీటు పంపండి" అని యడిగిరి, మావాడు పంపెను. అందులో నా గడి అట్లే యున్నదని మావాని భార్య చెప్పినది. "తీసేయమన్నాను మామయ్యగారూ. తీస్తే కింద ఫార్ములాలు చెడిపోతాయట." కావున వచ్చు శీతకాలమున, కూతునింటికో కోడలింటికో వచ్చిన పెద్దమనిషి యెవరో, నెవాడా ఎడారిలో రాత్రి ఒంటిగంటకు, వెల్స్ దాటిన చీకటిలో భుజము తట్టి లేపగా, "పద్యాలు మీ వంతండీ, షీటులో ఉంది" అను మాట వినవలసియున్నది. ఆ అపరిచితునికి నేనీయగల సలహా యొక్కటే: అయ్యా, రాగము తీయకుడు.