‘అంతట క్ష్రాజ్'గోర్ గర్జించెను’: టీకా తాత్పర్యము

మూలము: అంతట క్ష్రాజ్'గోర్ గర్జించెను.

(మా మేనల్లుని అముద్రిత ఫాంటసీ నవల, మూడవ అధ్యాయము, మొదటి వాక్యము.)

అవతారిక: చిత్తడి నేలనుండి వర్ణనాతీతమైన మృగమొకటి లేచినదని గ్రంథకర్త చెప్పుచున్నాడు. వర్ణనాతీతమనుట అతని మాటయే. 312 పుటలలో దానికి కాళ్లెన్నియో చెప్పలేదు.

టీక: అంతట, గర్జించెను అనునవి సుగమములు. విడిచితిమి. క్ష్రాజ్'గోర్ = ?

మొదటి అక్షరమున మూడు హల్లులు పెనగులాడుచున్నవి. నడుమ వ్రేలాడు కొక్కెమును అవగ్రహమందుమా? అవగ్రహమైనచో అకారము లోపించి యుండవలెను. ఇచట లోపించినది వేరు. ఫోను చేసి అడుగగా, “అక్కడ కొంచెం ఆగాలి మావయ్యా” అనెను. ఎందులకు ఆగవలెనో అతడును ఎరుగడు.

వ్యాకరణ విశేషము: తెలుగు నోట మాట అచ్చుతో ముగియును. బస్ బస్సైనది, రైల్ రైలైనది. ఈ మృగమునకును ఆ గతి తప్పలేదు. నలుబదవ పుటలో, నిద్రమత్తున కాబోలు, “వీరుడు ఒక్క వేటున ఆ గోరును ఖండించెను” అని టైపైనది. అది మొదలు ఏ యుద్ధము చదివినను నాకు నెయిల్ కట్టరే కనబడుచున్నది.

గోరనగా నఖము. నఖమనగా శూర్పణఖ. ఇచట కొంత నిలువవలెను. శూర్పమనగా చేట. చేటలంత గోళ్లున్న ఏ స్త్రీనైనను సంస్కృతమున శూర్పనఖి యనవచ్చును, అది వర్ణన. అదే పేరైనచో, పాణిని ప్రకారము నకారము ణకారమగును, చివరి ఈకారము పోయి ఆకారము వచ్చును. వ్యాఖ్యాతలు ఉదాహరణగా ఈమెనే చూపుదురు. రెండక్షరములు మారినవి, గోళ్ల మనిషి కాస్తా రావణుని చెల్లెలైనది! నేడు దానిని నకారముతో అచ్చువేయువారిని చూచిన నాకు... సరే, ఆ సంగతి వేరు.

ఘటోత్కచుని చూడుడు. ఘటము కుండ, ఉత్కచుడు వెంట్రుకలు లేనివాడు. పుట్టినప్పుడు తల నున్నగా కుండలా ఉన్నదట. పేరు పెట్టినట్లున్నదా ఇది? పురిటి మంచము పక్కన ఎవరో నోరు జారినట్లున్నది. అందుకే నమ్ముదుము.

మెదకు సీమవాడు, వ్యాఖ్యాత కొలచాల మల్లినాథుడు మూలములో లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని పూనెను. ఆయన చేతికి ఈ నవల రాలేదు.

“తెలుగు పేరు పెడితే ఎవరూ నమ్మరు మావయ్యా, టోల్కీన్ లెవెల్లో ఉండాలి” అన్నాడు మేనల్లుడు. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆ టోల్కీన్ ఆక్స్‌ఫర్డులో ప్రాచీనాంగ్లం చెప్పిన పంతులురా! నడిచే చెట్లకు పేరు కావలసి వస్తే తన భాష అటక మీద వెతికాడు. రాక్షసుడికి వాళ్ల పూర్వులు వాడిన ‘ఎంట్’ అనే మాట దొరికితే దుమ్ము దులిపి పెట్టుకున్నాడు. నీ అటక మీద ఏముందో ఒక్కసారైనా ఎక్కి చూశావా? కొరివిదెయ్యం లేదూ? రాత్రిపూట పొలాల మీద కదిలే నిప్పు. మా అమ్మమ్మ ఆ కథ ఎత్తుకునే ముందు లాంతరు వత్తి పెంచేది. ఆ పేరు వచ్చిన చోటల్లా గొంతు తగ్గించి ‘అది’ అనేది. పలకడానికి భయమేసే పేరు వేరు, నోరు తిరగని పేరు వేరు.

క్షమింపుడు. టీకలోనికి వత్తుము.

అలంకారము: లేదు.

తాత్పర్యము: ఏదో అరచినది.

పాఠాంతరము: గ్రంథకర్తకు నాలుగేండ్ల కూతురు కలదు. తండ్రి రాత్రిళ్లు ఈ నవల పైకి చదువగా విని, ‘గోరుబూచి’ అని పాఠమును సవరించినది. నాటినుండి పిడికిళ్లు బిగించి, రెండు చేతులును దుప్పటిలో దాచుకొని పండుకొనుచున్నదని తల్లి చెప్పినది. గ్రంథకర్త ఈ పాఠమును అంగీకరింపలేదు. అందు కొక్కెము లేదట.