మా రోజుల్లో కంపెనీ పోయినా బండి మిగిలేది

ఈ కాలపు కంపెనీలకు వెళ్లిపోవడం కూడా చేతకావడం లేదు. పందెంలోకి వచ్చేటప్పుడు డప్పులు కొట్టించుకుంటూ వస్తాయి. పోయేటప్పుడు బండ్లు, విడిభాగాలు, నక్షాలు అన్నీ మూటగట్టుకుని పోతాయి. వెనక మిగిలినవాడికి చిన్న బోల్టు కూడా వదలవు. మోటార్ సైకిల్ పందేలను కుర్రతనం నుంచి కనిపెట్టి చూస్తున్నవాణ్ణి. కంపెనీలు పందేల నుంచి తప్పుకోవడం నాకు కొత్త కాదు. ఇలా తప్పుకోవడం మాత్రం కొత్తే, అదే నా బాధ.

సుజుకీ సంగతే చూడండి. బ్యారీ షీన్ 1976, 1977ల్లో వరసగా ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ బండి మీదే. కెవిన్ ష్వాంజ్ 1993లో గెలిచిందీ ఆ బండి మీదే. 2020లో జోవాన్ మీర్ మళ్లీ మోటోజీపీ కిరీటం తెచ్చాడు. 2026 దాకా పందెంలో ఉంటామని నిర్వాహకులతో ఒప్పందం కూడా రాసుకున్నారు. 2022 మే మొదట్లో, స్పెయిన్‌లోని హెరెజ్ పందెం ముగిసిన మర్నాడే, ఈ సీజన్‌తో సరి అని జట్టువాళ్లకు చెప్పేశారు. ఆ జట్టు చివరి పందెం నవంబర్ 6న వాలెన్సియాలో. అందులో గెలిచింది ఎవరనుకున్నారు? సుజుకీ మీద అలెక్స్ రిన్స్. అలా గెలిచే బండిని ఇంటికి పట్టుకుపోయారు. మెకానిక్కులు పని వెతుక్కున్నారు. మీర్, రిన్స్ ఇద్దరూ హోండాకు పోయి, ఒంటికి సరిపడని బండ్ల మీద దెబ్బలు తిన్నారు.

ఈ మాట అంటే మా వీధి కుర్రగుంటడు ఒకడు నా మీదికే వచ్చాడు. "కంపెనీ డబ్బులు కంపెనీవి తాతా. నచ్చితే ఉంటాది, నచ్చకపోతే ఎలిపోద్ది. మనకేటి?" అన్నాడు. డబ్బు కంపెనీదే, కాదనను. ఆ డబ్బును నమ్ముకుని పదేళ్లు బతుకు పెట్టినవాడి మాటేమిటి? పన్నెండేళ్ల వయసు నుంచి కొడుకును పందేలకు తిప్పి, పొలమో ఇల్లో తాకట్టు పెట్టిన తండ్రి మాటేమిటి? కంపెనీ పందెంలో నిలబడిందంటే తన పేరు ఒక్కటే నిలబెట్టుకోవడం లేదు, ఇంకొంతమంది బతుకులను తన మీద ఆనించుకుంటోంది. పోయే హక్కు ఉంది. ఆనుకున్నవాళ్లను కింద పడేసి పోయే హక్కు లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను సాలూరువాణ్ణి. విజయనగరం నుంచి రాయపూర్ పోయే రోడ్డు మీద, కొండల కింద ఉన్న ఊరు మాది. పాచిపెంట దాటి పి. కోనవలస ఘాట్ ఎక్కి ఒడిశాలోకి దిగే లారీలే మా ఊరికి అన్నం పెట్టాయి. ఊరి నిండా బాడీ కట్టే షెడ్లు, లేతులు, వెల్డింగ్ షాపులు, కమాను కట్టలు సరిచేసే కొలుములు. నా బతుకంతా ఆ షెడ్లలోనే గడిచింది. కంపెనీ పోతే ఏమవుతుందో మా ఊరికి బాగా తెలుసు. టాటావాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. ముందు రేకు మీద బెంజ్ నక్షత్రం ఉండేది. ఒప్పందం 1969లో ముగిసింది. జర్మనీవాళ్లు వెళ్లారు, నక్షత్రం స్థానంలో 'టి' అక్షరం వచ్చింది. లారీ మాత్రం ఆగలేదు. ఎందుకంటే పోయేనాటికి పని మనవాళ్ల చేతికి వచ్చేసింది, నక్షా వచ్చేసింది, విడిభాగం ఇక్కడే పోత పోసుకుంటున్నాం. ఆ లారీలే తర్వాత ఎన్నో ఏళ్లు మా ఘాట్ ఎక్కాయి. వెళ్లిపోవడమంటే అలా ఉండాలి.

పందేల్లోనూ మా కాలంలో అంతే జరిగేది. ఇటలీలో జిలేరా, మోటో గుజ్జి, మోండియల్ మూడూ కూడబలుక్కుని 1957 సీజన్ అయ్యాక ఒకేసారి తప్పుకున్నాయి. ఖర్చు భరించలేమన్నాయి. ఎంవీ అగస్తా మాత్రం నిలబడి 1958, 1959, 1960 మూడేళ్లూ నాలుగు తరగతుల కిరీటాలన్నీ ఊడ్చేసింది. అప్పుడు పందెం చప్పబడిందని ఇప్పటికీ కొందరు అంటారు. ముందు వరస చప్పబడింది నిజమే. కానీ వెనక వరసలు ఖాళీ కాలేదు. ఇంగ్లండులో నార్టన్ కంపెనీ మాంక్స్ అనే పందెపు బండిని ఎవరు డబ్బిస్తే వాళ్లకు అమ్మింది. మ్యాచ్‌లెస్ కూడా జీ 50ని అలాగే అమ్మింది. వాటిని కొనుక్కుని, వ్యాన్‌లో వేసుకుని, భార్య టైము రాస్తుంటే మొగుడు స్పానర్ పట్టి ఐరోపా అంతా తిరిగిన పందెగాళ్లు వందల్లో ఉన్నారు. మాంక్స్ తయారీ 1960ల మొదట్లోనే ఆగిపోయింది. అయినా 1969లో యుగోస్లావియా గ్రాండ్ ప్రి 500 సీసీ పందెం గాడ్‌ఫ్రీ నాష్ గెలిచింది నార్టన్ మీదే. ఫ్యాక్టరీ చెయ్యడం మానేసిన బండి, ఏళ్లు గడిచాక గ్రాండ్ ప్రి గెలిచింది. ఆనాడు బండి కొన్నవాడిదే బండి కాబట్టి అది జరిగింది.

జపానువాళ్లు 1959లో వచ్చారు. హోండా మొదటిసారి మ్యాన్ దీవి పందేలకు వచ్చిన ఏడాది అది. ఏడేళ్లు తిరిగేసరికి, 1966లో, అయిదు సోలో తరగతుల్లోనూ తయారీదారుల కిరీటం వాళ్లదే. 250 సీసీలో ఆరు సిలిండర్లు కూర్చిన ఘనులు. 1967 సీజన్‌తో వాళ్లూ మానేశారు, సుజుకీ మానేసింది, మరుసటి ఏడు యమహా మానేసింది. కొంప మునిగిందనుకున్నారంతా. అప్పుడు పందేల సంఘంవాళ్లు బుద్ధిగా ఒక పని చేశారు. సిలిండర్ల లెక్కకు, గేర్ల లెక్కకు హద్దు పెట్టి, మామూలు మనిషి చెయ్యగల బండికి చోటిచ్చారు. యమహా ఇంకో మంచి పని చేసింది. ఫ్యాక్టరీ జట్టును ఎత్తేసినా, రెండు సిలిండర్ల పందెపు బండ్లను కౌంటర్ మీద పెట్టి అమ్మింది. తర్వాత 1973 నుంచి టీజెడ్ వరస వచ్చింది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన జాన్ ఎకరోల్డ్ సొంత డబ్బుతో తిరిగే పందెగాడు. యమహా ఇంజిన్‌ను బిమోటా చట్రంలో పెట్టుకుని 1980లో 350 సీసీ ప్రపంచ కిరీటం గెలిచాడు. అది కూడా కవాసాకీ ఫ్యాక్టరీ పందెగాడు ఆంటన్ మాంగ్‌ను చివరి పందెంలో ఓడించి. ఈనాడు అలాంటి మనిషి గేటు దగ్గర టికెట్ కొనుక్కుని లోపలికి రావాల్సిందే.

మన వైపు సంగతి కూడా చెప్పాలి. మద్రాసు లోడు పట్టుకుపోయే మా లారీలు రెడ్ హిల్స్ చేరే ముందు షోళవరం దాటేవి. యుద్ధకాలంలో వేసిన పాత విమానాల రన్‌వే అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌వాళ్లు దాని మీద పందేలు పెట్టేవాళ్లు. గడ్డిమోపులే గోడలు, ఎండే కప్పు. ఆముదం కలిసిన ఆయిల్ కాలిన వాసన రోడ్డు దాకా కొట్టేది. అక్కడ కంపెనీ మనిషి పక్కనే గల్లీ మెకానిక్కు ఉండేవాడు. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే యెజ్డీకి సైలెన్సర్ కోసి, పోర్టులు ఆకురాయితో వెడల్పు చేసి, కార్బురేటర్ జెట్టు మార్చి తెచ్చేవాడు. 1983లో రాజ్‌దూత్ 350 వచ్చింది, 1984లో ఇండ్ సుజుకీ, 1985లో యమహా ఆర్ఎక్స్ 100. కుర్రాళ్లకు పండగే. హోసూరు టీవీఎస్‌వాళ్లు 1982లోనే పందేల జట్టు పెట్టారు, ఇప్పటికీ తియ్యలేదు. అంతకాలం నిలబడినందుకు వాళ్లకు నా నమస్కారం. ఆ రన్‌వేకి బదులు 1990లో ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్ సొంత ట్రాక్ వేసుకుంది.

జావా, యెజ్డీలు చేసిన మైసూరు ఐడియల్ జావా 1996లో మూతపడింది. ఆర్ఎక్స్ 100 తయారీ కూడా ఆ ఏడే ఆగింది. అయినా ఆ బండ్లు పందెం ఆడటం ఆగిందా? మా సాలూరు లేతు మీద కూడా పిస్టన్‌కు బోరు చేయించి నడిపించుకోగలిగిన బండ్లు అవి. నాలుగు చక్రాల్లోనూ ఆ ధర్మం ఎరిగినవాడు ఒకాయన ఉన్నాడు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్. ఆయన మారుతి 800 ఇంజిన్‌తో చవకలో ఫార్ములా మారుతి కారు చేసి, పది మందీ పందెం ఆడేలా చేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన కార్లలో నేర్చుకున్న నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్లాడు. మనిషి పోయినా పని నడవడమంటే అదీ.

ఇప్పుడు ఏం జరుగుతోంది? మోటోజీపీలో చిన్న జట్టువాడు బండి కొనలేడు. ఏడాదికి అద్దెకు తెచ్చుకుంటాడు, కోట్లు పోస్తాడు, సీజన్ కాగానే ఫ్యాక్టరీకి తిరిగి పంపేస్తాడు. ఇంజిన్‌కు సీలు ఉంటుంది. లోపల ఏముందో నడిపేవాడికి తెలియదు, విప్పితే ఒప్పుకోరు. అందుకే కంపెనీ తప్పుకున్న రోజున ఆ బండి జాతి మొత్తం ఒక్కసారే మాయమవుతుంది. 2009 జనవరిలో, ప్రపంచమంతా డబ్బు గడ్డు కాలంలో ఉన్నప్పుడు, కవాసాకీ ఫ్యాక్టరీ జట్టును ఎత్తేసింది. హయాతే అనే పేరుతో మార్కో మెలాండ్రి ఒక్కడే ఒక్క బండితో ఆ ఏడాది గడిపాడు. 2010 వచ్చేసరికి సీజన్ అంతా ఆడేవాళ్లు 17 మందే మిగిలారు. 2011 తర్వాత సుజుకీ కూడా కొన్నేళ్లు సెలవు పుచ్చుకుంది. ఇలా బండ్లు తగ్గిపోతేగాని నిర్వాహకులకు మెలకువ రాలేదు. రోడ్డు బండి ఇంజిన్‌ను సొంత చట్రంలో పెట్టుకుని రావచ్చని 2012లో కొత్త నియమం తెచ్చి వరసలు నింపారు. మా కాలంవాళ్లకు తెలిసిన మందే అది. రెండేళ్లకే దాన్నీ పక్కన పెట్టేశారు.

మన దేశపు కంపెనీ సంగతి తలుచుకుంటే మరీ కడుపు మండుతుంది. మహీంద్రా 2011లో 125 సీసీ ప్రపంచ పందేల్లోకి దిగింది, మరుసటి ఏడు దాని స్థానంలో వచ్చిన మోటో3లోకి మారింది. వెనకబడి, తిట్లు తిని, పట్టు వదలకుండా నిలబడింది. తన బండ్లను చిన్న జట్లకు అమ్మింది కూడా. 2016 జూన్‌లో హాలండు ఆసెన్‌లో ఫ్రాంచెస్కో బన్యాయా ఆ బండితో గెలిచాడు. భారతదేశపు పేరున్న బండి ప్రపంచ గ్రాండ్ ప్రి గెలవడం అదే మొదలు. మలేసియా సెపాంగ్‌లో మళ్లీ గెలిచాడు. ఇక మన బండే అనుకున్నాను. 2017తో మహీంద్రా సెలవు చెప్పింది, కరెంటు కార్ల పందెం ఫార్ములా ఈ మీద దృష్టి పెడతామంది. ఆ బండ్ల మీద ఆడిన జట్లు హోండా గుమ్మమో కేటీఎం గుమ్మమో పట్టుకున్నాయి. బన్యాయా 2022లో, 2023లో మోటోజీపీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఎర్ర డుకాటీ మీద. మహీంద్రా ఏ పందెం కోసం బైకులు వదిలిందో ఆ ఫార్ములా ఈ 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డుకు వచ్చింది. ఒక్క ఏడే వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో మోటోజీపీ నోయిడా దగ్గరి బుద్ధ్ ట్రాక్‌కు వచ్చింది. మన గడ్డ మీద ప్రపంచ పందెం, వరసలో మన కంపెనీ పేరున్న బండి ఒక్కటీ లేదు. అయిదేళ్లు కష్టపడి గెలుపు రుచి చూసి, మరుసటి ఏటికే వదిలేసినందుకు దక్కిన ఫలితం అది.

నిలబెట్టినవాళ్లనూ చెప్పుకోవాలి. ఆస్ట్రియా కేటీఎం 2024 నవంబర్‌లో అప్పుల్లో మునిగి కోర్టుకెక్కింది. పందేల జట్టు పోతుందనే అందరూ అనుకున్నారు. 2025లో పుణే బజాజ్ పెద్ద మొత్తం పోసి కంపెనీని గట్టెక్కించింది, నారింజ రంగు బండ్లు పందెం మానలేదు. మన ఘాట్ రోడ్డు మీద డ్యూక్‌లు తోలే కుర్రాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మన డబ్బు ఒక జట్టును బతికించింది. ఆ పని మన బండికి ఎప్పుడు చేస్తామని అడగాలి.

నేను అడిగేది అలవిమాలినదేమీ కాదు. పందెంలోకి దిగే కంపెనీ నుంచి, ఎప్పుడు పోయినా రెండు సీజన్ల ముందు చెబుతానని ముందే రాయించుకోండి. పోయేటప్పుడు బండ్లను, అచ్చులను, విడిభాగాలను నడిపేవాళ్లకు న్యాయమైన ధరకు అమ్మాలన్న షరతు పెట్టండి. అద్దె బండ్లతో పాటు కొనుక్కోగల బండ్లకూ వరసలో చోటు ఉంచండి. మన దేశపు పందేల సంఘాలు ఈ మూడూ మన దగ్గరే మొదలుపెట్టవచ్చు, జపాను అనుమతి అక్కర్లేదు. టీవీఎస్, బజాజ్, మహీంద్రా, హీరో తలుచుకుంటే ఒక పందెపు బండిని గల్లీ మెకానిక్కు కొనగల ధరకు చెయ్యలేవా? చెయ్యగలవు. ఆ బండి సాలూరు షెడ్డుకు ఒక్కటి వస్తే చాలు. దాన్ని విప్పి, చూసి, మళ్లీ బిగించే చేతులు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఆ తర్వాత కంపెనీ ఉన్నా పోయినా ఆ పందెం మాది.